స్త్రీగా బతికిన నాన్నకు స్మృతి సంచిక: ఏ పేరు వేయాలి, ఏం రాయాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాన్నగారు మహబూబ్‌నగర్, కర్నూలు వైపు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించారు, పద్యాలు రాశారు, వరసలు కట్టారు, వయసులో ఉండగా స్త్రీ పాత్రలు కూడా వేశారు. 2015 ప్రాంతంలో, యాభై దాటాక, ట్రాన్స్ మహిళగా బయటికొచ్చి పేరు మార్చుకుని హైదరాబాద్‌లో ఉండిపోయారు. మీరు చివరిదాకా "నాన్నా" అనే పిలిచారు, ఆవిడ ఎప్పుడూ వద్దనలేదు. ఇప్పుడు సంవత్సరీకానికి స్మృతి సంచిక తెద్దామంటే మీ బాబాయి పాత పేరు, పాత ఫొటో తప్ప ఇంకేమీ ఉండకూడదంటున్నారు. ఆవిడ చేలాలేమో (హిజ్రా సంప్రదాయంలో శిష్యులను అలా అంటారు) పాత పేరు ఒక్కచోట కూడా కనబడకూడదంటున్నారు. మీకు ఈ రెండూ సరిగ్గా అనిపించడం లేదు.

రంగస్థలం వాళ్లకీ కవులకీ సంచికలు కూర్చే పని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇలాంటి తగవు మధ్య కూర్చుని పుస్తకం తేవడం కూడా తెలుసు. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. అట్ట మీద ఆవిడ తనకు తాను పెట్టుకున్న పేరే ఉండాలి. సంపాదకుల మాట, జీవిత పరిచయం, ఫొటోల కింద రాతలు అన్నీ ఆ పేరుతోనే, "ఆమె" అనే నడవాలి. పాత పేరుతో అచ్చయిన, ప్రసారమైన పనులుంటాయి కాబట్టి ఆ పేరు పనుల జాబితాలో ఒక్కచోట వస్తే చాలు. సంతకం పెట్టి రాసే వ్యాసాల్లో మాత్రం ఎవరి వరస వాళ్లది. మీరు "నాన్న" అనే రాయండి. మీ బాబాయి "అన్నయ్య" అని రాసుకోనివ్వండి. చేలాలు "అమ్మ" అంటారో "గురువుగారు" అంటారో అది వాళ్లిష్టం. ఒకే మనిషిని ముగ్గురు మూడు వరసలతో పిలిస్తే చదివేవాళ్లు తికమకపడతారని భయం వద్దు. మన ఇళ్లలో ఏ మనిషినైనా అలాగే పిలుస్తాం.

ఇంకొక్క మాట. ఆవిడ మార్పు చుట్టూ పుస్తకాన్ని అల్లకండి. ఆవిడ పని చుట్టూ అల్లండి. ఎందుకంటున్నానో చెప్పడానికి వేల్స్ రచయిత్రి జాన్ మోరిస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ఆవిడ 1926లో పుట్టారు. అప్పటి పేరు జేమ్స్. 1953లో ఎవరెస్ట్ ఎక్కడానికి వెళ్లిన బ్రిటిష్ బృందంతో ద టైమ్స్ పత్రిక విలేకరిగా కొండ మీద ఉన్నారు. హిల్లరీ, టెన్జింగ్ శిఖరం చేరిన కబురు ఇంకో పత్రికకు దక్కకూడదని, మంచులో పడుతూ లేస్తూ బేస్ క్యాంపుకు దిగి, ముందే అనుకున్న సంకేత భాషలో రాసి, అక్కణ్నుంచి నామ్చే బజార్‌కు మనిషిని పరుగెత్తించారు. పైకి చదివితే మంచు పరిస్థితి బాగాలేదన్నట్టుండే ఆ సందేశానికి అసలర్థం శిఖరం ఎక్కేశారని. జూన్ 2న, ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగే రోజు పొద్దున్నే, ఆ వార్త లండన్ పత్రికలో వచ్చింది.

1949లో ఆవిడ ఎలిజబెత్ టక్నిస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఐదుగురు పిల్లలు పుట్టారు, ఒక పాప పసితనంలోనే పోయింది. 1964లో హార్మోన్లు మొదలుపెట్టారు. 1972లో మొరాకోలోని కాసాబ్లాంకా వెళ్లి శస్త్రచికిత్స చేయించుకున్నారు. అంత దూరం ఎందుకంటే, బ్రిటన్‌లో చేయాలంటే ముందు భార్యకు విడాకులివ్వాలన్నారు, అందుకు జాన్ అప్పట్లో ఒప్పుకోలేదు. తర్వాత చట్టం ప్రకారం విడిపోక తప్పలేదు గానీ ఇద్దరూ కలిసే ఉండిపోయారు. 2008లో ప్వల్హెలి అనే ఊళ్లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదు చేసుకుని మళ్లీ చట్టం దృష్టిలోనూ జంట అయ్యారు.

ఇక్కడిదాకా వార్తా పత్రికలు చెప్పే కథే. సంచిక కూర్చేవాళ్లం మనం చూడాల్సింది ఆవిడ పుస్తకాల జాబితా. బ్రిటిష్ సామ్రాజ్యం మీద ఆవిడ మూడు సంపుటాల చరిత్ర రాశారు. మొదట అచ్చయిన సంపుటం 1968లో వచ్చింది, చివరిది 1978లో. 1972 ఆ రెంటికీ నడిమధ్య ఉంది. అంటే మొదలుపెట్టినప్పుడు లోకం మగవాడనుకున్న మనిషే, స్త్రీగా ఆ పని పూర్తి చేశారు. ఒక పెద్ద రచన మధ్యలోంచి ఆ మార్పు వెళ్లిపోయింది, రచన ఆగలేదు. ఎవరెస్ట్ మీద 1958లో, వెనిస్ నగరం మీద 1960లో వచ్చిన పుస్తకాలు మొదట జేమ్స్ పేరుతోనే అచ్చయ్యాయి. తర్వాతి ముద్రణల అట్టల మీద జాన్ మోరిస్ అని ఉంటుంది. పాత ప్రతులను ఎవరూ తగలబెట్టలేదు, అవి గ్రంథాలయాల్లో ఉన్నచోటే ఉన్నాయి. కొత్తగా అచ్చు వేసేవాళ్లు మాత్రం, రచయిత తన పేరేదని చెప్పారో దాన్ని వేశారు. "పాత పద్యాలు రాసింది ఆ పేరుతో కదా, ఆ పేరే వేయాలి" అని మీ బాబాయి అన్నప్పుడు ఈ సంగతి చెప్పండి.

తాను పోయాక పత్రికల్లో శీర్షిక లింగమార్పిడి గురించే ఉంటుందని జాన్ మోరిస్ బతికుండగానే అనేవారు. 2020 నవంబర్ 20న ఆవిడ పోయినప్పుడు ఆ కబురు లోకానికి చెప్పింది కొడుకు టూమ్ మోరిస్. ఆయన వెల్ష్ భాషలో కవి. అక్కడి జాతీయ సాహిత్యోత్సవంలో 2003లో కవి పీఠం గెలుచుకున్నారు. ఆయన చెప్పిందేమిటంటే, రచయిత్రి, యాత్రికురాలు అయిన జాన్ మోరిస్ ఆ పొద్దున 11.40కి తన ప్రయాణాలన్నిట్లోకీ పెద్ద ప్రయాణానికి బయల్దేరారు, జీవితాంతం తోడున్న ఎలిజబెత్‌ను ఒడ్డున వదిలి వెళ్లారు అని. అంతే. ఆ కబురులో శస్త్రచికిత్స లేదు, పాత పేరు లేదు, ఎవరికీ సంజాయిషీ లేదు. ఆవిడ చేసిన పని ఉంది, ఆవిడ ప్రేమించిన మనిషి ఉంది. ఒక బిడ్డ రాసిన సంస్మరణల్లో నాకు తెలిసినంతలో ఇంతకంటే నిండైనది లేదు. మీ సంచిక మొదటి పేజీ రాసేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి.

అలాగని ఆవిడ తన సంగతి దాచుకున్నారనుకోకండి. 1974లో ఏకంగా ఒక ఆత్మకథే రాశారు. మూడు నాలుగేళ్ల వయసులో, అమ్మ పియానో వాయిస్తుంటే దాని కింద కూర్చుని, తాను పుట్టాల్సిన దేహం ఇది కాదని మొదటిసారి తెలుసుకోవడంతో అది మొదలవుతుంది. ఆ మాటలు ఆవిడవి. అందుకే వాటికి బలం. మీ నాన్నగారి పుస్తకంలో కూడా ఈ విషయానికి ఒక అధ్యాయం ఇవ్వాలి, అది వీలైనంతవరకు ఆవిడ మాటల్లోనే ఉండాలి. ఉత్తరాలు, నోటు పుస్తకాల చివర రాతలు, మీకు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజులు, చేలాలతో చెప్పుకున్న సంగతులు వెతకండి. ఎందుకు మారారు, ఎప్పుడు తెలిసింది అన్న ప్రశ్నలకు ఆవిడ జవాబు చెప్పి ఉంటే వేయండి. చెప్పకపోతే మనం జవాబు తయారుచేయకూడదు. ఆ అధ్యాయం మూడు పేజీలే వచ్చినా తప్పులేదు.

ఇలా ఎందుకు హెచ్చరిస్తున్నానంటే, మన దగ్గర ఒక తయారు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఆడ వేషాలు వేసీ వేసీ అదే అలవాటైపోయింది" అంటారు. మీ బాబాయి కూడా వ్యాసంలో అదే రాస్తారని నా అనుమానం. ఇది పొరపాటు మాట, దీన్ని అచ్చులోకి రానివ్వకండి. స్థానం నరసింహారావు గారు (1902-1971) సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా దశాబ్దాల పాటు ఆంధ్రదేశాన్ని ఊపేశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935-2012) సత్యభామ కట్టి దిగితే ఆడవాళ్లే నోళ్లు వెళ్లబెట్టి చూసేవారు, 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. వేషం తీశాక ఇద్దరూ మగవాళ్లుగానే బతికారు. వేషమే కారణమైతే ఆ తరం నటుల చరిత్ర ఇంకోలా ఉండేది. నటన వాళ్ల విద్య. మీ నాన్నగారిదీ విద్యే, దాన్ని ఒక లక్షణంగా చూపి తగ్గించకండి. బహుశా ఆవిడకు రంగస్థలం ఊపిరి తీసుకునే చోటై ఉండొచ్చు. అదీ ఆవిడ ఎవరితోనైనా అని ఉంటేనే రాయాలి.

"ఇద్దరు పిల్లల్ని కన్నాక, యాభై దాటాక ఇదేమిటి" అనే మాట కూడా మీరు విని ఉంటారు. దీనికి సంచికలో నేరుగా జవాబివ్వక్కర్లేదు గానీ, కాలం ఎలాంటిదో ఒక పేరా పెడితే చదివేవాళ్లు ఆలోచిస్తారు. 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం మొత్తం హిజ్రాల మీదే. దాని కింద ప్రభుత్వం పెట్టిన రిజిస్టరులోకి ఎక్కిన మనిషి మైనరు పిల్లలకు సంరక్షకులుగా ఉండకూడదు, దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, అదే ధోరణిలో ఇంకో చట్టం వచ్చింది. దాని ప్రకారం రిజిస్టరులో ఉన్నవాళ్లు ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, పాడుతూ ఆడుతూ కనిపించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ని ఇంట్లో ఉంచుకుంటే రెండేళ్లదాకా జైలు. ఆడటం, పాడటం, పిల్లలతో ఉండటం: మీ నాన్నగారి జీవితంలో ముఖ్యమైనవన్నీ ఆ చట్టంలో నేరాల కింద ఉన్నాయి. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. హైదరాబాద్‌లో ఆవిడ ఉన్న కాలంలో చాలా భాగం ఆ చట్టం రద్దు కాకుండానే ఉంది. ఇంకోవైపు, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో, మనిషి తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకోవచ్చని తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాదే ఆవిడ బయటికొచ్చారని మీరు రాశారు. తీర్పు వల్లే వచ్చారని రాయకండి, అది మనకు తెలియదు. రెండు తేదీలూ పక్కపక్కన పెడితే చాలు.

ఇప్పుడు చేలాల వైపు మాట. పాత పేరు విన్నప్పుడల్లా వాళ్లకు ఎంత నొప్పి కలుగుతుందో నేను దగ్గరగా చూశాను. పోలీసు స్టేషన్లో, ఆసుపత్రిలో, చివరికి శవం దగ్గర కూడా అదే పేరుతో పిలిచి అవమానించిన అనుభవాలు వాళ్లకుంటాయి. అందుకే వాళ్ల కోపాన్ని గౌరవించాలి. కానీ పనుల జాబితా దగ్గర నేను వాళ్లతో వాదిస్తాను, అదీ ఆవిడ కోసమే. లిన్ కాన్వే అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఉండేవారు. 1960లలో ఐబీఎంలో, ప్రాసెసర్ ఒకేసారి అనేక ఆదేశాలను వరస మార్చి నడిపించే పద్ధతి ఒకటి కనిపెట్టారు. స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో ఆ సంస్థ ఉద్యోగంలోంచి తీసేసింది. అప్పటికే పెళ్లయి ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఏళ్లపాటు వాళ్లను కలవడానికి వీల్లేకపోయింది. కొత్త పేరుతో మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టి, 1980లో కార్వర్ మీడ్‌తో కలిసి చిప్‌ల రూపకల్పన మీద రాసిన పుస్తకంతో ఆ రంగంలో చదువు చెప్పే తీరునే మార్చేశారు. కానీ ఐబీఎంలో చేసిన పని ఎవరిదో లోకానికి తెలియదు, ఎందుకంటే అది ఇంకో పేరు మీద ఉంది. 1990ల చివర కంప్యూటర్ చరిత్ర రాసేవాళ్లు ఆ పాత ప్రాజెక్టు గురించి ఆరా తీస్తుంటే, అప్పుడు ఆవిడే రెండు పేర్లనూ కలిపి తన కథ చెప్పుకున్నారు. 2020లో ఐబీఎం క్షమాపణ చెప్పింది. 2024లో ఆవిడ పోయారు, అప్పటికి రెండు పనులూ ఒకే మనిషివని అందరికీ తెలుసు.

మీ నాన్నగారి పాత కరపత్రాల మీద, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాల మీద, పరిషత్తు పోటీల ప్రశంసాపత్రాల మీద పాత పేరే ఉంటుంది. రేపు ఎవరో ఒక పరిశోధక విద్యార్థి ఆ కరపత్రం పట్టుకుని వెతికితే ఆవిడ దగ్గరికి చేరాలి కదా. అందుకని జాబితా పైన ఒక్క వాక్యం పెట్టండి: "2015కు ముందు కరపత్రాల్లో, ప్రసారాల్లో ఈమె పేరు ఫలానా అని ఉంటుంది." దాన్ని మించి ఎక్కడా అక్కర్లేదు. అయితే ఒక షరతుంది. ఆ పేరు ఎప్పటికీ అచ్చు కాకూడదని ఆవిడే స్పష్టంగా అని ఉంటే ఆ మాటే చెల్లుతుంది. అప్పుడు ఆ వివరం ఒక కాగితం మీద రాసి, అసలు కరపత్రాలతో పాటు మీ దగ్గర దాచండి, పుస్తకంలో వేయకండి. చేలాలను అడిగితే ఆవిడ ఏమనేవారో చెప్తారు. మీకు తెలియనివి వాళ్లకు తెలుసు.

వాళ్ల చేత వ్యాసాలు రాయించండి, అతిథులుగా కాదు, ఇంటివాళ్లుగా. చివరి పదేళ్లు ఆవిడ జ్వరానికి మందులు తెచ్చింది, హార్మోనియం విన్నది వాళ్లే. హిజ్రాలు కుటుంబంలా కలిసి ఉండే జమాత్‌లో గురువు, చేలా సంబంధం మాట వరసకు పెట్టుకునేది కాదు. కళ కూడా ఆ దారిలోనే నడుస్తుంది. మీ కర్నూలుకు దగ్గరే కదా బళ్లారి, అక్కడి ట్రాన్స్ మహిళ మంజమ్మ జోగతి గారు, ఎల్లమ్మ భక్తులు చేసే జోగతి నృత్యాన్ని కాళవ్వ జోగతి దగ్గర నేర్చుకున్నారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మీ నాన్నగారి దగ్గర ఏ చేలా అయినా పద్యం నేర్చుకుని ఉంటే, ఏ రాగంలో ఏ పద్యమో రాయించండి. రాయడం రాకపోతే ఫోన్లో రికార్డు చేసి, వాళ్ల మాట వాళ్ల యాసలోనే దించండి. దిద్దకండి. ఇంట్లో చెప్పని వాళ్లుంటారు కాబట్టి, పేరు, ఫొటో వేసేముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఒప్పుకున్నవాళ్లకు కూడా ప్రూఫులు చూపించండి.

మీ అమ్మగారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అందులోనే చాలా ఉంది. జాన్, ఎలిజబెత్‌ల కథ చెప్పాను కదా, దాన్ని చూపించి మీ అమ్మగారిని తూచకండి. అలా కలిసి ఉండిపోవడం అందరికీ సాధ్యం కాదు, సాధ్యం కాకపోవడం తప్పూ కాదు. ఆవిడ రాస్తానంటే రాయనివ్వండి, వద్దంటే ఆ మౌనాన్ని పుస్తకంలో వివరించే ప్రయత్నం చేయకండి. "అమ్మ క్షమించింది" అని మీరు రాయకూడదు. ఆ మాట ఆవిడ అనాల్సింది.

మీ వ్యాసం సంగతి. "కోపం కూడా రాయొచ్చా" అని అడిగారు. రాయాలి. పొగడ్తలే నిండిన సంచికను ఎవరూ రెండోసారి తెరవరు. అయితే తీర్పులు రాయకండి, జరిగింది రాయండి. ఒక సంచికకు ఒక కొడుకు రాసిన వ్యాసం నాకు ఇప్పటికీ మనసులో ఉంది. వానాకాలం రాకముందు హార్మోనియం విప్పి, రీడ్లకు చెమ్మ తగలకుండా వాళ్ల నాన్న ఎలా జాగ్రత్తపడేవారో రెండు పేజీలు రాశాడు. ఏ గుడ్డతో తుడిచేవారో, బెల్లోస్ తోలుకు ఏం రాసేవారో కూడా ఉంది. నడుమ ఒకే ఒక్క వాక్యం: "తర్వాత మూడేళ్లు నేను ఫోనెత్తలేదు." మళ్లీ రీడ్ల సంగతి. కోపం, పశ్చాత్తాపం, ప్రేమ అనే మాటలు ఆ వ్యాసంలో ఎక్కడా లేవు. మీరూ అలా మీకు బాగా తెలిసిన ఒక పని పట్టుకోండి. ఆవిడ పద్యం కట్టేటప్పుడు ముందు వరస వచ్చేదా, మాట వచ్చేదా? రాత్రి నాటకం అయ్యాక తెల్లారి ఇంటికొస్తే ఏం తినేవారు? స్త్రీగా ఉండటం మొదలుపెట్టాక హార్మోనియం ముందు కూర్చునే తీరు మారిందా, శ్రుతి మారిందా? ఇవి మీకు తప్ప ఎవరికీ తెలియవు.

ఫొటోల దగ్గర నాది ఒకే పట్టుదల: పాత, కొత్త ఫొటోలను పక్కపక్కన పెట్టి "అప్పుడు, ఇప్పుడు" అన్నట్టు చూపించకండి. అది మనిషిని వింతగా నిలబెట్టడం. అట్ట మీదికి ఆవిడ తన వాట్సాప్‌కు పెట్టుకున్న ఫొటో ఏదో అది తీసుకోండి, తనను తాను ఎలా చూసుకున్నారో అందులో ఉంటుంది. లోపల ఫొటోలు పని వరసలో పెట్టండి. హార్మోనియం దగ్గర, మేకప్ గదిలో, సత్యభామ వేషంలో, హైదరాబాద్ గదిలో శిష్యులతో. మీ బాబాయికి కావాల్సిన పాత ఫొటోలు కొన్ని ఆ వరసలో సహజంగానే వస్తాయి. ఇంకో సంగతి, వీధిలో కట్టే ఫ్లెక్సీని తమ్ముళ్లు, మేనల్లుళ్లు వాళ్ల పద్ధతిలో వేయించేస్తుంటారు. దాని మీద ఏ పేరు, ఏ ఫొటో అన్నది ముందే కూర్చుని తేల్చుకోండి. ఫ్లెక్సీ రెండు రోజులే ఉంటుంది గానీ దాని ఫొటో బంధువుల గ్రూపుల్లో ఏళ్లపాటు తిరుగుతుంది.

పద్యాల నోటు పుస్తకాలు జాగ్రత్తగా చూడాలి. రంగస్థలం వాళ్ల పుస్తకాల్లో తిరుపతి వేంకట కవుల పద్యాలు, ఇతర నాటక కవుల పద్యాలు, సొంత పద్యాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి, కింద పేరు ఉండదు. తెలిసిన నాటక పండితుడొకరి చేత చూపించి, ఇతరులవి వేరు చేయించండి. పద్యం ఇతరులది, వరస ఆవిడది అయితే అలాగే రాయండి, అది తక్కువ పని కాదు. హక్కుల విషయానికొస్తే, మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి అరవై ఏళ్లపాటు హక్కులుంటాయి, అవి వారసులకు చెందుతాయి. నోటు పుస్తకం చేలా దగ్గర ఉన్నంత మాత్రాన అందులోని పద్యాల హక్కు ఆమెకు రాదు. అయితే అచ్చు కాని రాతప్రతిని వీలునామా ద్వారా ఆమెకు ఇచ్చి ఉంటే, వీలునామాలో వేరేగా రాయకపోతే, హక్కు కూడా ఇచ్చినట్టే. అందుకని వీలునామా ఉందేమో ముందు కనుక్కోండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చిన గుర్తింపు పత్రం గానీ, ఆధార్‌లో మార్చిన పేరు గానీ ఉంటే ఆ కాగితాలూ ఒకచోట పెట్టండి. మరణ ధ్రువపత్రంలో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉంటే అవే ఆధారం. ఇంకెవరైనా ఆవిడ పద్యాలు పేరు లేకుండా వాడుకుంటే, పేరు వేయమని అడిగే హక్కు కూడా వారసులుగా మీకుంది.

క్యాసెట్లు అన్నిటికంటే తొందర. బూజు పట్టినవి, టేపు అతుక్కున్నవి ఇంట్లో టేప్ రికార్డర్‌లో పెట్టి వేగంగా తిప్పకండి, తెగిపోతాయి. ముందు ప్రతి క్యాసెట్ పైనున్న రెండు ప్లాస్టిక్ చెవులూ విరిచేయండి, పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. చీటీలకు ఫొటో తీయండి, చేతిరాత కూడా సాక్ష్యమే. మంచి డెక్ ఉన్న స్టూడియోలో 24 బిట్ డబ్ల్యూఏవీ ఫైళ్లుగా మార్పించి, వినడానికి ఎంపీ3 కాపీలు వేరేగా చేయించుకోండి. నోటు పుస్తకాలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. కాపీలు కనీసం రెండు చోట్ల, ఒకటి ఈ ఇంట్లో కాకుండా ఇంకోచోట ఉండాలి. హార్మోనియం ఎవరి దగ్గరుందో మీరు రాయలేదు. అమ్మేముందు లోపల విప్పి ఫొటోలు తీయించండి, రీడ్ల పలక మీద శ్రుతి గుర్తులు చేత్తో రాసి పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది.

అచ్చయ్యాక కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చట్టం చెప్పిన చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి, 1954 చట్టం ప్రకారం ప్రచురించినవాళ్ల బాధ్యత అది. దాంతో పాటు వేటపాలెం సారస్వత నికేతనానికి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి కూడా పంపండి. పాత నాటకాల మీద పనిచేసేవాళ్లు వెళ్లేది అక్కడికే.

సంవత్సరీకానికి మూడు నెలలే ఉందన్నారు. ఈ పనంతా మూడు నెలల్లో అవ్వదు. ఆ రోజుకు పదహారు పేజీల చిన్న పుస్తకం వేయండి: అట్ట మీద ఆవిడ పేరు, ఆవిడ ఫొటో, మీ వ్యాసం, పది పద్యాలు, ఒక చేలా మాట, మీ బాబాయి "అన్నయ్య" గురించి రాసే రెండు పేజీలు. ఆయన్ని చిన్నప్పటి సంగతులు మాత్రమే అడగండి. హార్మోనియం మొదట ఇంటికి ఎలా వచ్చింది, ఎవరు నేర్పారు, ఊళ్లో మొదటి నాటకం ఎప్పుడు అని. వాటికి ఆయన ఒక్కరే సాక్షి, అడిగితే కాదనరనే అనుకుంటున్నాను. పెద్ద సంచిక వచ్చే ఏడాదికి పెట్టుకోండి. ఈ వారం మాత్రం క్యాసెట్ల పెట్టె దించి, ఎన్ని ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. టేపు అతుక్కున్న వాటిని ఏం చేయాలో ఒక్కొక్కటీ చూసి చెప్తాను.